పులిసే రీళ్లు, ఆఖరి ప్రతులు

కెనడా వాయవ్య కొసన, యూకాన్ నది ఒడ్డున డాసన్ సిటీ అని ఓ చిన్న ఊరుంది. 1890ల చివర్లో బంగారం కోసం ఎగబడిన జనంతో కిక్కిరిసి, ఆ వెర్రి తగ్గాక చిక్కిపోయిన ఊరు. జనం పలచబడ్డా సినిమా పిచ్చి మాత్రం తగ్గలేదు. పెద్ద నగరాల్లో ఆడి, దారిపొడుగునా ఊరూరా ఆడి, ఒళ్లంతా గీతలు పడ్డ ప్రింట్లు రెండు మూడేళ్లకు అక్కడికి చేరేవి. వాటికి అదే ఆఖరి మజిలీ. వెనక్కి తెప్పించుకుంటే రవాణా ఖర్చే తప్ప వచ్చేదేమీ లేదు కనుక పంపిణీదారులు వాటిని అక్కడే ఉంచేయమనేవారు. వాళ్ల తరఫున వ్యవహారాలు చూసే బ్యాంకు ఆ డబ్బాలను ఊరి కార్నెగీ గ్రంథాలయం నేలమాళిగలో పేర్పించింది.

1929 నాటికి వాటిని వదిలించుకోవాల్సి వచ్చింది. మూకీలకు ఎలాగూ కాలం చెల్లుతోంది. చాలా రీళ్లను నదిలో పారేశారు, కొన్నిటిని తగలబెట్టారు. అప్పుడే ఊరి క్రీడా సంఘంవారు తమ ఈతకొలనును పూడ్చి, దానిమీద ఐస్ హాకీ ఆడుకునే చోటును చదును చేసుకోవాలనుకున్నారు. పూడ్చడానికి ఏదో ఒకటి కావాలి. మిగిలిన రీళ్లు పోసి మట్టి కప్పేశారు. 1978లో కొత్త కట్టడం కోసం నేల తవ్వుతుంటే యంత్రం తొట్టిలోకి మట్టితో పాటు ఫిల్ము చుట్టలు వచ్చాయి. చివరికి దక్కినవి 533 రీళ్లు. అన్నీ మూకీల కాలంవే. వాటిలో ఎన్నో సినిమాలు శాశ్వతంగా పోయాయనుకున్నవి. అమెరికా బేస్‌బాల్ చరిత్రకు మచ్చగా మిగిలిన 1919 వరల్డ్ సిరీస్ దృశ్యాలు కూడా అందులోనే దొరికాయి. వాటిని ఒట్టావాకు చేర్చడం మరో తంటా. మామూలు రవాణా సంస్థలేవీ ఆ సరుకు ముట్టుకోమన్నాయి. చివరికి కెనడా సైన్యం తన హెర్క్యులిస్ విమానంలో మోసుకెళ్లింది.

ఈ కథలో గ్రంథాలయం వారు దాచాలని దాచిందేమీ లేదు. ఖాళీ ఉంది, పెట్టుకోనిచ్చారు, అంతే. రీళ్లను యాభై ఏళ్లు కాపాడింది అక్కడి నేల. ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల అది. అదే ఈతకొలను కాకినాడలో ఉంటే 1978లో తవ్వినవాళ్లకు గోధుమరంగు పొడి తప్ప మరేమీ దొరికేది కాదు. ఈ తేడా ఎందుకొస్తుందో తెలుసుకోవాలంటే ఫిల్మును దేనితో చేస్తారో చూడాలి.

సినిమా ఫిల్ములో ప్రధానంగా రెండు పొరలుంటాయి. బొమ్మ ఉండేది పైపొరలో. పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసిన జిలాటిన్‌లో వెండి రేణువులో రంగులో పొదిగి ఉంటాయి. దాన్ని మోసే పారదర్శకమైన పట్టీ కింది పొర. తొలినాళ్లలో ఆ పట్టీ సెల్యులోజ్ నైట్రేట్. పత్తిలోని సెల్యులోజ్‌ను నత్రికామ్లంతో కలిపి చేసే పదార్థం, తుపాకి మందుకు దగ్గరి చుట్టం. మండడానికి కావలసిన ఆక్సిజన్ దాని అణువులోనే ఉంటుంది. అందుకని ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. అంటుకోకపోయినా ఊరికే ఉండదు. మెల్లగా నత్రజని ఆక్సైడ్లను వదులుతుంది. అవి గాలిలోని తేమతో కలిసి ఆమ్లమై, ఆ ఫిల్మునే తింటాయి. బొమ్మ వెలిసిపోయి, పట్టీ జిగురై, చుట్టంతా ఒకే ముద్దై, ఆఖరికి పొడి అవుతుంది. బాగా చెడిన నైట్రేట్ ఫిల్ము ఎండాకాలపు వేడికే, 41 డిగ్రీల దగ్గర, తనంతట తానే అంటుకోగలదని పరీక్షల్లో తేలింది. డాసన్ రీళ్లు బయటపడిన 1978లోనే, డిసెంబరు 7న, అమెరికా జాతీయ అభిలేఖాగారం వారు మేరీలాండ్‌లోని సూట్‌లాండ్‌లో దాచిన యూనివర్సల్ వార్తాచిత్రాల నైట్రేట్ ఫిల్ము కోటీ పాతిక లక్షల అడుగులకు పైగా కాలిపోయింది. మన పుణెలో 2003 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వారి నైట్రేట్ నిధి బూడిదైంది.

ఇలాంటి సరుకును చదువరులు కూర్చునే భవనంలోకి ఏ గ్రంథాలయమూ రానివ్వదు. డాసన్ వారు రానిచ్చారంటే అది వాళ్ల అదృష్టం. గ్రంథాలయాల్లోకి సినిమా దర్జాగా అడుగుపెట్టింది మరో ఫిల్ముతో. 1923లో కొడక్ కంపెనీ ఇళ్లకూ బడులకూ పనికొచ్చేలా 16 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్మును తెచ్చింది. దాని పట్టీ నైట్రేట్ కాదు, ఎసిటేట్. అగ్గిపుల్ల చూపించినా భగ్గుమనదు. అందుకే దానికి సేఫ్టీ ఫిల్ము అని పేరు. వెడల్పు పదహారే ఎందుకంటే అందులో కాస్త తెలివి ఉంది. సినిమా హాళ్లలో వాడే 35 మిల్లీమీటర్ల నైట్రేట్ ఫిల్మును ఎవరైనా నిలువునా రెండుగా చీల్చి ఇళ్లలో వాడదామనుకుంటే పదిహేడున్నర వస్తుంది, పదహారు రాదు. ఇళ్లు తగలబడకుండా కొలతలోనే తాళం వేశారన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా పౌర గ్రంథాలయాలు ఈ పదహారు ఎంఎం రీళ్లను పుస్తకాల్లాగే అరువివ్వడం మొదలుపెట్టాయి. టీచర్లు, చర్చిలు, కార్మిక సంఘాలు, మహిళా మండళ్లు డబ్బాలు పట్టుకెళ్లి, గోడమీద తెల్లగుడ్డ కట్టి, చూసి, తిరిగి తెచ్చిచ్చేవారు. డాక్యుమెంటరీలు, విజ్ఞాన చిత్రాలు, కార్టూన్లు, హాళ్లలో ఆడే ఆశలేని ప్రయోగాత్మక చిత్రాలు అన్నీ అలా తిరిగాయి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1958లో తన డొనెల్ శాఖలో ఫిల్మ్ లైబ్రరీ ప్రారంభించింది. 53వ వీధిలో, మోడరన్ ఆర్ట్ మ్యూజియానికి ఎదురుగా. తరువాతి దశాబ్దాల్లో, సొంత డబ్బుతో చిత్రాలు తీసుకునే స్వతంత్ర దర్శకులకు ఇలాంటి గ్రంథాలయాలు కొన్న ఒక్కో ప్రింటూ పెద్ద ఆసరా అయింది. అదే లైబ్రరీ నాట్య విభాగానికి కొరియోగ్రాఫర్ జెరోమ్ రాబిన్స్ తన ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’ నాటకం రాయల్టీలో కొంత వాటా రాసిచ్చాడు, నాట్యాన్ని ఫిల్ముకెక్కించి దాచడానికి. ఒక నాటకం టిక్కెట్ల డబ్బుతో ఒక కళ మొత్తానికి జ్ఞాపకశక్తి ఏర్పడటం అరుదైన సంగతి.

అరువుకెళ్లిన రీలు తిరిగొచ్చాక సిబ్బంది చేసే పని బయటివాళ్లకు కనపడేది కాదు. రీలును రివైండర్ మీద ఎక్కించి, తొడుగు వేసుకున్న వేళ్ల మధ్య అంచును పట్టుకుని, మెల్లగా తిప్పుతూ పోవాలి. ఎక్కడైనా రంధ్రం చినిగితే వేలికి గుచ్చుకుంటుంది. ఆగి, కత్తిరించి, జాయింటు వేసి మళ్లీ తిప్పాలి. పదహారు ఎంఎంలో అడుగుకు 40 ఫ్రేములు. 400 అడుగుల రీలు అంటే 16,000 బొమ్మలు, సుమారు 11 నిమిషాల సినిమా. ప్రతి జాయింటుకీ ఒకటో రెండో బొమ్మలు పోతాయి. బాగా అడిగిన సినిమాలు బాగా తరిగేవి. మన టూరింగ్ టాకీసు ఆపరేటర్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

అయితే తరుగుదల కనపడే శత్రువు. కనపడనిది డబ్బా లోపలుంది. ఈ కథలో మన దేశానిది తొలి పాత్ర. ఎసిటేట్ ఫిల్ము దానంతటదే శిథిలమవుతోందన్న మొట్టమొదటి ఫిర్యాదును కొడక్ కంపెనీకి పంపింది భారత ప్రభుత్వం. కాలిపోదు, ప్రమాదం లేదు అని ప్రపంచమంతా నమ్మిన ఫిల్ము మన ఉక్కలో పులిసిపోయింది. చల్లని దేశాల్లో ఆ సంగతి గమనించడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

పులవడం ఇక్కడ అలంకారం కాదు, అక్షరాలా జరిగేదే. సెల్యులోజ్ గొలుసుకు అటూ ఇటూ ఎసిటైల్ గుంపులు తగిలించి ఎసిటేట్ చేస్తారు. గాలిలోని నీటి అణువు వచ్చి ఒక ఎసిటైల్ గుంపును ఊడదీస్తే అది ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. వంటింటి వెనిగర్‌లో ఉండేది అదే. అందుకే ఈ జబ్బుకు వెనిగర్ సిండ్రోమ్ అని పేరు. వచ్చిన ఆమ్లం ఊరుకోదు, తరువాతి గుంపు ఊడటాన్ని వేగిరపరుస్తుంది. అంటే ఈ చర్యలో పుట్టిన పదార్థమే చర్యకు ఉత్ప్రేరకం. పాలలో వేసిన తోడులాంటిదే ఇది. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది, ఒక దశ దాటాక గిన్నెంతా ఒక్కసారిగా తోడుకుంటుంది. ఫిల్ము విషయంలో ఆ దశ దాకా దశాబ్దాలు పట్టవచ్చు. దాటాక మాత్రం కొన్నేళ్లే. పైగా ఆ ఆవిరి పక్క డబ్బాలకూ పాకుతుంది. తుప్పు పట్టిన ఇనుప డబ్బా, ఫిల్ము అంచున ధ్వని కోసం పూసిన అయస్కాంత పూత రెండూ దీన్ని ఇంకా తొందరపెడతాయి. ఇనుము కూడా ఈ చర్యకు ఉత్ప్రేరకమే.

గుంపులు ఊడిన పట్టీ బిగుసుకుంటుంది, పెళుసవుతుంది, కుంచించుకుపోతుంది. మెత్తగా ఉండటానికి కలిపిన ట్రైఫినైల్ ఫాస్ఫేట్ బయటికొచ్చి తెల్లని స్ఫటికాలై మెరుస్తుంది. కింది పొర ముడుచుకుంటుంటే పైనున్న జిలాటిన్ ముడుచుకోదు. దాంతో బొమ్మలున్న పొర బుడగలెత్తి, పాయలుగా లేచి ఊడుతుంది. పదహారు ఎంఎంలో ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు 7.62 మిల్లీమీటర్లు. ప్రొజెక్టర్ పళ్లను ఆ కొలతకే కోస్తారు. పట్టీ నూటికి ఒక వంతు తగ్గితే చాలు, పళ్లు రంధ్రాల మధ్యలో పడకుండా అంచుల్ని కొరుకుతాయి. సెకనుకు 24 సార్లు. అంటే జబ్బు పడిన రీలును చూద్దామని ఎక్కించడమే దాన్ని చంపడం.

రంగుల సంగతి వేరే. 1950ల నుంచి వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో మూడు రంగుల అద్దకాలు సమంగా నిలవవు. చీకట్లో ఉంచినా నీలిఛాయ ముందు పోతుంది, ఎరుపు మిగులుతుంది. ఆకాశం, అడవి, సముద్రం అన్నీ గులాబీ రంగులోకి దిగుతాయి. గ్రంథాలయాల్లోని పాత రంగుల ప్రింట్లలో చాలావాటి గతి ఇదే. పోయిన అద్దకాన్ని ఏ రసాయనమూ తిరిగి తీసుకురాలేదు.

ఇక మందు ఏమిటి? చలి, పొడి. అంతకు మించి ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. అమెరికాలోని రోచెస్టర్‌లో ఇమేజ్ పెర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఫిల్మును వేడిలో వేగంగా ముదిరేలా చేసి, వచ్చిన వేగాల నుంచి మామూలు ఉష్ణోగ్రతలకు లెక్క కట్టారు. 21 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర కొత్త ఎసిటేట్ ఫిల్ము పులవడం మొదలుపెట్టడానికి సుమారు 40 ఏళ్లు. 18 డిగ్రీలైతే 50 ఏళ్లు. అదే తేమలో 10 డిగ్రీలకు దించితే 150 ఏళ్లు. ఎనిమిది డిగ్రీల తేడాతో మూడు తరాలు అదనంగా దొరికినట్టు. మే నెల విజయవాడలో, ఫ్యాను కూడా లేని గదిలో ఈ లెక్క ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. ఆ తొలి ఫిర్యాదు మన దేశం నుంచే వెళ్లడంలో వింతేమీ లేదు.

ఆ సంస్థవారే ఇంకో చిన్న పనిముట్టు చేశారు. ఏ-డీ స్ట్రిప్ అనే కాగితపు ముక్క. బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే సూచిక రంగు పూసి ఉంటుంది. డబ్బాలో వేసి మూతపెట్టి ఒక రోజు ఆగి చూస్తే నీలంగానే ఉంటే ఫిల్ము ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆకుపచ్చకు తిరిగితే పులుపు మొదలైంది. పసుపైతే ముదిరింది. మనిషి ముక్కుకు వాసన తెలిసే సరికి ఆలస్యమైపోతుంది. కాగితం ముందే చెబుతుంది. ఇంత సాదా వస్తువుకు హాలీవుడ్ అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. నాకైతే ఆస్కార్ వేదిక మీద ఇచ్చిన చాలా బహుమతుల కన్నా ఇదే సబబుగా తోస్తుంది.

రసాయనం ఇంతవరకే. అసలు చిక్కు గ్రంథాలయం స్వభావంలో ఉంది. ఆర్కైవ్ పని దాచడం, గ్రంథాలయం పని ఇవ్వడం. గ్రంథాలయానికి ప్రతి అంటే అరిగిపోవడానికి కొన్న వస్తువు. పోతే మరొకటి కొంటారు, అడిగేవారు లేకపోతే తీసేస్తారు. పుస్తకాల విషయంలో ఇది మంచి పద్ధతే. 1980లలో వీడియో క్యాసెట్ వచ్చాక పదహారు ఎంఎం రీళ్లను అడిగేవారు తగ్గారు. ప్రొజెక్టర్లు మూలపడ్డాయి. ఒక్కో గ్రంథాలయమూ తన లెక్కలో తాను సరిగానే ఆలోచించింది: ఈ చిత్రం వేల ప్రతులు తిరిగింది, ఎక్కడో ఒకచోట ఉండకపోదు, మన దగ్గర అక్కర్లేదు. వందల చోట్ల అదే ఆలోచన, అదే తీర్మానం. నిర్మాతలు అప్పటికే దుకాణాలు మూసేశారు, ల్యాబుల్లో నెగటివ్‌లు దిక్కులేకుండా పోయాయి. ఎవరికీ తెలియకుండానే ఏదో ఒక ఊరి గ్రంథాలయం అటకమీది ప్రింటు లోకంలో ఆఖరిదైపోయింది. అలాంటి తీర్మానాలు చేసిన వాళ్లను తప్పుపట్టలేం. తమ ప్రతి ఎన్నోదో వాళ్లకు తెలిసే దారే లేదు.

ఆ దారి పేరు కేటలాగు. ఫిల్ము పరిరక్షణ అంటే జనం చల్లని గదులనే ఊహిస్తారు గానీ, నా దృష్టిలో సగం పరిరక్షణ జాబితాలోనే ఉంది. డబ్బా మీది పేరుతో సరిపెట్టకూడదు. లోపలి రీలు చూసి, అడుగులు కొలిచి, అంచున కంపెనీ ముద్రించిన గుర్తుల నుంచి తయారైన ఏడాది పట్టుకుని, ఆ వివరాలను అందరూ వెతకగల ఉమ్మడి కేటలాగులో పెడితే, పొరుగూరివాడు తన ప్రతిని పారేసే ముందు చూసుకోగలడు. రిక్ ప్రెలింగర్ అనే సేకర్త 1980ల నుంచి విద్యాచిత్రాలు, పారిశ్రామిక చిత్రాలు, ప్రకటనలు, ఎవరూ పట్టించుకోని సరుకంతా పోగేశాడు. ఆయన సేకరణను 2002లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తీసుకుంది. ఒకరు చెత్త అన్నదే మరొకరికి జాతీయ సంపద అయింది.

అరువు ప్రతి ఎంత విలువైనదవుతుందో చెప్పే లెక్క ఒకటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం చరిత్రకారుడు డేవిడ్ పియర్స్ 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1912 నుంచి 1929 దాకా అమెరికాలో వచ్చిన 10,919 పెద్ద మూకీ చిత్రాల్లో విడుదలైన 35 ఎంఎం రూపంలో పూర్తిగా మిగిలినవి నూటికి 14. మరో 11 శాతం కూడా పూర్తిగానే ఉన్నాయి, కానీ విదేశీ ప్రింట్లుగానో, 28, 16 ఎంఎం లాంటి చిన్న సైజుల్లోనో. ఇళ్లకు సినిమాలు అద్దెకిచ్చేందుకు కొడక్ నడిపిన కోడాస్కోప్ లైబ్రరీ ప్రింట్లలో మాత్రమే బతికిన సినిమాలున్నాయి. స్టూడియో నేలమాళిగల్లో పదిలంగా పెట్టిన నెగటివ్ పొడైపోయింది. ఎవరి ఇంట్లోనో పిల్లల పుట్టినరోజుకు ఆడించిన చిన్న ప్రింటు నిలబడింది.

ఇంకా వింత కాగితం. 1912 దాకా అమెరికా కాపీరైట్ చట్టంలో సినిమాకు చోటు లేదు. అందుకని నిర్మాతలు సినిమా మొత్తాన్ని పొడవాటి ఫొటో కాగితం మీద అచ్చొత్తి, ఫొటోగ్రాఫుల కింద నమోదు చేయించేవారు. అలా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరిన కాగితపు చుట్టలు సుమారు మూడువేల చిత్రాలవి. ఫిల్ములు నాశనమయ్యాయి, కాగితం మిగిలింది. 1950లలో కెంప్ నైవర్ ఆ చుట్టలను ఫ్రేము ఫ్రేముగా మళ్లీ ఫిల్ముకెక్కించాడు. ఎక్కించింది పదహారు ఎంఎం మీదికే.

ఇప్పుడు ఆ లైబ్రరీ ఫిల్ములన్నీ వర్జీనియాలోని కల్‌పెపర్‌లో, ఒకప్పుడు అణుయుద్ధం వస్తే డబ్బు దాచుకోవడానికి ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు కొండ తొలిచి కట్టుకున్న కోటలో ఉన్నాయి. నైట్రేట్ కోసమే 124 గదులు, 4 డిగ్రీల దగ్గర. అది కట్టడానికి ప్యాకార్డ్ కుటుంబపు ట్రస్టు కోట్ల డాలర్లిచ్చింది. జిల్లా కేంద్రంలోని గ్రంథాలయానికి ఇది చూపించి ప్రయోజనం లేదు. దానికి పనికొచ్చే ఉపాయం ఇంకోటుంది. మంచు గడ్డకట్టని రకం మామూలు ఫ్రీజరు. డబ్బాను, తేమను చూపే సూచిక కార్డుతో సహా, తేమ చొరని రెండు సంచుల్లో ఒకదానిలో ఒకటి మూసి ఫ్రీజరులో పెట్టడం. స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని పక్కాగా పరీక్షించారు. కరెంటు పోయినా సంచి లోపలి తేమ మారదు. బయటికి తీశాక మాత్రం తొందరపడకూడదు. సంచి విప్పకుండా గది వేడికి వచ్చేదాకా, దాదాపు ఒక రోజు, ఆగాలి. లేకపోతే చల్లని ఫిల్ము మీద గాలిలోని తేమ నీటిచుక్కలై పడుతుంది. ఫ్రీజరులోకి వెళ్లేముందు చేయాల్సినవి ఇంకా తేలిక: పులిసిన రీళ్లను విడదీయడం, తుప్పు డబ్బాలు తీసేసి గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలు వేయడం, లోపల ఎవరో పెట్టిన పాత కాగితాలను తీసి విడిగా దాచడం. ఆ కాగితాలను పారేయకూడదు. సినిమా పేరు ఒక్కోసారి వాటిమీదే ఉంటుంది.

డిజిటల్ చేసేస్తే పోలేదా అని అందరూ అడిగే ప్రశ్న. చేయాలి, సందేహం లేదు. కుంచించుకుపోయిన ఫిల్మును పళ్లతో పనిలేకుండా నడిపించే స్కానర్లు వచ్చాయి. ప్రొజెక్టర్ మింగలేని రీలు కూడా వాటిలో చివరిసారిగా నడుస్తుంది. అయితే లెక్క చూడండి. పదకొండు నిమిషాల రీలులో 16,000 ఫ్రేములు. 2కె స్థాయిలో కుదించకుండా తీస్తే ఒక్కో ఫ్రేము 12 మెగాబైట్ల పైచిలుకు. రీలంతా సుమారు 200 గిగాబైట్లు. గంట సినిమా అంటే ఒక టెరాబైట్ దాటుతుంది. దాన్ని టేపు మీద పెట్టినా, కొన్నేళ్లకోసారి కొత్త తరం యంత్రాలొస్తాయి. ఎనిమిదో తరం ఎల్‌టీఓ యంత్రం ఏడో తరం టేపును చదువుతుంది, ఆరోదాన్ని చదవదు. కనుక దాచిన దాన్ని మళ్లీ మళ్లీ ఎక్కించుకుంటూ పోవాలి. 2007లో హాలీవుడ్ అకాడమీ లెక్కగట్టినప్పుడు ఒక సినిమా 4కె డిజిటల్ మాస్టర్‌ను ఏడాది దాచడానికి 12,514 డాలర్లు, ఫిల్ము రూపంలో దాచడానికి 1,059 డాలర్లు అని తేలింది. అప్పటి నుంచి డిస్కుల ధరలు బాగా పడిపోయాయి. కానీ ఆ ఖర్చు ఏటా కట్టాల్సిందే. చల్లని గదిలోని రీలును ఇరవై ఏళ్లు మర్చిపోయినా ఉంటుంది. హార్డ్‌డిస్కును అలా మర్చిపోతే ఉండదు. స్కాన్ చేశాం కదా అని రీలును పారేసే గ్రంథాలయం చేజేతులా బేరం చెడగొట్టుకుంటుంది.

డొనెల్ శాఖను 2008లో మూసేసి, స్థలాన్ని హోటల్ కంపెనీకి అమ్మారు. అక్కడి ఫిల్ములు లింకన్ సెంటర్‌లో ఉన్న ప్రదర్శన కళల గ్రంథాలయానికి చేరి, ఇప్పుడు రిజర్వ్ ఫిల్మ్ అండ్ వీడియో కలెక్షన్‌గా ఉన్నాయి. ‘రిజర్వ్’ అన్న మాట దానంతటదే వచ్చింది కాదు. అరువిచ్చే సరుకు అనుకున్నది దాచాల్సిన సరుకు అని ఎవరో కూర్చుని తేల్చారు.

మన దగ్గర పౌర గ్రంథాలయాలు సినిమా రీళ్లను అరువిచ్చిన సంప్రదాయం లేదు. ఫిల్మ్స్ డివిజన్ డాక్యుమెంటరీలను ఊళ్లకు తెచ్చింది ప్రచార శాఖల వ్యాన్లు. ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే సెస్సుతో నడిచే మన గ్రంథాలయాలకు పుస్తకాలు కొనడమే గగనం. అయినా సినిమా చరిత్రతో వాటికి గట్టి బంధమే ఉంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఈనాడు లేదు. అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని పాత్రికేయుడు రెంటాల జయదేవ నిరూపించింది పాతకాలపు పత్రికల ఆధారాలతో. సినిమా పోయినా దాని తేదీ కాగితాల్లో దక్కింది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల కట్టలు కట్టి ఉంచిన పాత పత్రికల్లో, ఎవరింట్లోనో మిగిలిన పాటల పుస్తకాల్లో, పోయిన సినిమాల ఆనవాళ్లున్నాయి. ఆ కాగితాన్ని కూడా ఆమ్లమే తింటుంది. చెక్కగుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్ పసుపెక్కి పెళుసయ్యేది కూడా సెల్యులోజ్ గొలుసు తెగడం వల్లనే. ఫిల్ముకూ పత్రికకూ జబ్బు దాదాపు ఒకటే, మందూ ఒకటే.

2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాద్‌లో పరిరక్షణ కార్యశాల పెట్టింది. రీలు చుట్టడం, జాయింటు వేయడం, బూజు తుడవడం మనవాళ్లకు అక్కడ చేతులతో నేర్పారు. నైపుణ్యం దొరుకుతోంది. చట్టం కూడా అడ్డురాదు. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో 2012 సవరణతో చేరిన వెసులుబాటు ప్రకారం, లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం పరిరక్షణ కోసం ఏ కృతినైనా ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. ఒకటే షరతు. ఆ కృతి డిజిటల్ కాని ప్రతి అప్పటికే గ్రంథాలయం దగ్గర ఉండాలి. రీలును ముందే తీసేసిన గ్రంథాలయం ఈ వెసులుబాటు కిందికి రాదు.